చుట్టాల కోసం ముందే వండిన కోడికూర: నా సలహాలోని దోషం

దసరాకు ముందు, సంక్రాంతికి ముందు, ఊరిలో పోచమ్మ బోనాలు నిశ్చయమైన వారంలో నా వద్దకు మందుకు వచ్చే గృహిణులు పోతూ పోతూ ఒక ప్రశ్న అడుగుతూ ఉంటారు. రేపు ఇంటికి ఇరవైమంది చుట్టాలు వస్తున్నారు, కోడికూర ఈ రాత్రే వండి ఉంచవచ్చునా అని. చాలాకాలం నేను దీనికి ఒక్క మాటతో సమాధానం చెప్పి పంపేవాడిని. ఆ ఒక్క మాట వలన ఒక కుటుంబానికి కీడు జరిగినది. అందువలన ఈసారి కొంచెం వివరంగా వ్రాస్తున్నాను. ఇందులో తప్పు నాది కనుక పాఠకులు నన్ను మొహమాటం లేకుండా నిందించవచ్చును.

కథలాపూర్ మండలంలోని ఒక గ్రామంలో కొన్ని సంవత్సరాల క్రితం జరిగిన సంగతి ఇది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలలో గల్ఫు దేశాలకు పోయినవారు లేని వాడ అరుదు. ఆ ఇంటి కుమారుడు రెండు సంవత్సరాల తరువాత దుబాయి నుండి వస్తున్నాడు. విమానం తెల్లవారుజామున శంషాబాదులో దిగును. ఇల్లు చేరేసరికి పది, పదకొండు గంటలగును. కొడుకు రాగానే కంచం ముందు కూర్చోవలెనన్న ఆత్రంతో తల్లి ముందురోజు సాయంకాలమే నాలుగు నాటుకోళ్లు కోయించి, పెద్ద గంజులో కూర వండి, మూత పెట్టి, ఆరిన పొయ్యి మీదనే రాత్రంతా ఉంచినది. మరునాడు కుమారుడు కాళ్లు కడుగుకొనే లోపల ఆ కూరను నూనె తేలేవరకు వెచ్చచేసి వడ్డించినది. పద్నాలుగు మంది తిన్నారు. రుచిగా ఉన్నదని మారు వడ్డించుకొన్నారు కూడా. రాత్రి తొమ్మిది, పది గంటల వేళకు అందులో తొమ్మిదిమందికి కడుపులో మెలిపెట్టే నొప్పి, ఆగని నీళ్ల విరేచనాలు మొదలైనవి. ఇంటిలోని ముసలమ్మకు నాలుక ఎండి, మూత్రం బందై, జగిత్యాలకు తీసుకొనిపోయి రెండు రోజులు సెలైను ఎక్కించవలసి వచ్చినది. బ్రతికి బయటపడ్డది గనుక ఈ సంగతి ఇంత నిదానంగా వ్రాయగలుగుతున్నాను.

నేను పరామర్శకు వెళ్లినప్పుడు ఆ తల్లిని మెల్లగా అడిగినాను, ‘అమ్మా, ఇంటిలో ఫ్రిజ్ ఉన్నది గదా, కూర అందులో పెట్టలేకపోయినావా?’ అని.

‘మీరే అంటిరి గదా అయ్యగారూ, ఫ్రిజ్‌ల వెట్టిన కూర విషమని. అందుకనే పొయ్యి మీదనే మూతవెట్టి ఉంచిన’ అన్నది.

ఆ మాట నేను అన్నదే. అంతకు ఆరు నెలల ముందు ఆమె అజీర్ణానికి మందు తీసుకొన్నప్పుడు పథ్యం చెబుతూ అన్నాను. నేను మాంసం ముట్టని ఇంటిలో పుట్టినవాడిని. మాంసం వండే వంటగదిలో అడుగుపెట్టి ఎరుగను. అయినా కూర విషయంలో తీర్పు చెప్పడానికి వెనుకాడలేదు. ఫ్రిజ్ వద్దన్నాను గాని, వద్దన్న తరువాత ఆమె ఆ కూరను ఎక్కడ ఉంచుతుందో అడుగలేదు.

గురుకులంలో అష్టాంగహృదయాన్ని మేము అర్థం తెలియకముందే కంఠస్థం చేసినాము. దాని సూత్రస్థానం 8వ అధ్యాయంలో వాగ్భటాచార్యుడు విడువదగిన భోజనాలు చెబుతూ తిరిగి వేడిచేసిన అన్నాన్ని కూడా చేర్చినాడు. భగవద్గీత 17వ అధ్యాయం వండి యామం గడచిన దానిని, రాత్రి నిలవైన దానిని తామసాహారంగా లెక్కించినది. యామమంటే 3 గంటలు. చరకసంహిత విమానస్థానం మొదటి అధ్యాయంలో ఆహారాన్ని ఎనిమిది విషయాలను బట్టి విచారించవలెనని ఉన్నది. వాటిలో ‘కరణం’ ఒకటి. నీరు, నిప్పు, శుభ్రత మాత్రమే గాక, ఎంతకాలం నిలవ ఉన్నది, ఏ పాత్రలో ఉన్నది అనేవి కూడా ద్రవ్యగుణాన్ని మార్చునని ఆ కరణం కిందనే చెప్పబడినది. ఇన్ని తెలిసిన నేను చేసిన పని ఏమిటి? శాస్త్రం నిలవను నిందించినది. నేను ఫ్రిజ్‌ను నిందించినాను. వాగ్భటుని కాలంలో చల్లని పెట్టె లేదు. నిలవ అంటే గది వేడిలో నిలవ అనే ఆయన ఎరుగును. చల్లని పెట్టెను తిట్టడం మా వైద్యులలో చాలామందికి ఒక అలవాటుగా మారినది. అలా తిట్టితే వినేవారి చెవికి ఇంపుగా కూడా ఉంటుంది.

ఇక ఆ రాత్రి గంజులో జరిగినదేమో చూడండి. ఆ ఇంటి కూరను ఎవరూ పరీక్షకు పంపలేదు గనుక ఫలానా క్రిమి అని నేను ముద్ర వేయను. కానీ తిన్న ఎనిమిది, పది గంటలకు నొప్పి, విరేచనాలు, వాంతులు అంతగా లేకపోవడం, పెద్ద పాత్రలో నిదానంగా చల్లారిన మాంసం, ఇవన్నీ ఒకచోట చేరినప్పుడు నేటి వైద్యులు మొదట అనుమానించేది క్లాస్ట్రీడియం పర్ఫ్రింజెన్స్ అనే సూక్ష్మజీవిని. ఇది మట్టిలోను, జంతువుల ప్రేగులలోను ఉంటుంది. దీని బీజాలు మరిగే కూరలో కూడా చావవు. కూర ఉడికినప్పుడు మిగతా క్రిములన్నీ చచ్చి, పోటీ లేని పొలంలా అయినచోట ఇవి మొలకెత్తుతాయి. 43 నుండి 46 డిగ్రీల సెంటీగ్రేడ్ వేడి, అంటే వేలు పెడితే గోరువెచ్చగా హాయిగా తోచే వేడి, వీటికి పెట్టిన పంట. ఆ వేడిలో ఇవి సుమారు 10 నిమిషాలకొకసారి రెట్టింపవుతాయి. లెక్క కట్టి చూడండి. గంటకు ఒకటి 64 అగును. 3 గంటలకు, అనగా ఒక యామానికి, 2 లక్షల 62 వేలు దాటును. యామం గడచిన అన్నం వద్దన్న మాటను నేను ఏభై సంవత్సరాలుగా వల్లిస్తున్నాను. దాని వెనుక ఇంతటి లెక్క ఇమిడి ఉండవచ్చునని ఆ ముసలమ్మ మంచం పక్కన కూర్చున్న తరువాత గాని నాకు తట్టలేదు.

చిన్న గిన్నెలోని కూర గంటలో చల్లారుతుంది. నాలుగు కోళ్ల కూర ఉన్న గంజు అలా కాదు. పైన చెయ్యి పెడితే చల్లగా తోచినా నడిమధ్య అర్ధరాత్రి దాటినా గోరువెచ్చగానే ఉంటుంది. పైగా మూత. మూత ఈగను ఆపును గాని వేడిని బయటకు పోనీయదు. 5 డిగ్రీల నుండి 60 డిగ్రీల మధ్య ఉన్న వేడి ఆహారానికి అపాయకరమైనదని నేటి ఆహార శాస్త్రం చెబుతున్నది. ఆ మధ్యకాలాన్ని ఎంత కుదించగలిగితే అంత క్షేమం. వండినది 2 గంటలకు మించి బయట ఉండరాదు. మన జగిత్యాల ప్రాంతపు వేసవిలో, 32 డిగ్రీలు దాటిన ఎండలో, ఒక గంటకు మించరాదు.

‘మా అవ్వ తాతలు ఇవన్నీ చూసినారా? వారికి ఏమైనది?’ అని అడిగేవారున్నారు. వారు ముందురోజు కోడికూర వండి ఉంచేవారు కాదు. చుట్టం గడప తొక్కిన తరువాతనే గంప కింది కోడిని పట్టేవారు. ప్రాణంతో తిరిగే కోడియే వారి నిలవ. పండుగనాడు మాంసం మిగిలితే ఉప్పు, పసుపు పట్టించి, తునకలను తాడుకు గుచ్చి ఎండలో వొరుగులు చేసేవారు గాని పులుసు చేసి పొయ్యి మీద పెట్టి నిద్రపోయేవారు కాదు. నీరు ఇంకిపోయిన మాంసంలో క్రిమి పెరుగలేదని వారికి అనుభవం నేర్పినది. చద్దన్నం సంగతి ఎత్తుతారు కొందరు. పులిసిన అన్నంలో పులుపే కాపలా. కోడికూరలో ఆ పులుపు లేదు. రెండింటినీ ఒక గాటన కట్టరాదు.

వాసన చూచి తెలుసుకోవచ్చుననే నమ్మకం దీనికంటె గట్టిది. ఆ తల్లి కూడా ప్రొద్దున వాసన చూచినది, నాలుక మీద వేసి చూచినది. బాగానే ఉన్నది. పాచి వాసన కలిగించే క్రిములు వేరు, రోగం కలిగించే క్రిములు వేరు. రెండవ రకం వారికి తమ రాక తెలియజేసే మర్యాద లేదు. 2024 అక్టోబరు చివరలో మన రాష్ట్ర ప్రభుత్వం పచ్చిగుడ్డుతో చేసిన మయొనైజును ఒక సంవత్సరంపాటు నిషేధించినది. హైదరాబాదులో అనేకులు అస్వస్థులై, ఒకరు మరణించిన తరువాత తీసుకొన్న నిర్ణయం అది. తెల్లగా, చూపులకు ముచ్చటగా ఉండే పదార్థమే అది.

పసుపు సంగతి కూడా చెప్పి తీరవలెను. కోరుట్ల, మెట్‌పల్లి పసుపు పండే నేల. హరిద్ర క్రిమిఘ్నమని నేనే నా రోగులకు చెబుతాను, ఆ మాట నేటికీ వెనుకకు తీసుకోను. అయితే కూరలో పడే చెంచాడు పసుపు రాత్రంతా కాపలా కాయలేదు. అల్లం, వెల్లుల్లి, లవంగం కూడా అంతే. వాటిని జీర్ణానికి వాడండి, నిలవకు నమ్మకండి.

సరే, చుట్టాలు వస్తున్నారు, ఇంటిలో ఒక్క ఆడమనిషి, ఏమి చేయవలెను? నా మొదటి సలహా, పనిని ముందురోజు చేసుకోండి, వంటను ఆ పూటనే చేయండి. అల్లం వెల్లుల్లి నూరడం, ఉల్లిగడ్డలు ఎర్రగా వేయించడం, ధనియాలు, గసగసాలు, కొబ్బరి వేయించి పొడి కొట్టడం, ఇవి సగం పని. వేయించిన ఉల్లిగడ్డలను, తడి మసాలాను ఫ్రిజ్‌లోను, పొడులను డబ్బాలోను ఉంచుకోండి. కోడిమాంసానికి ఉప్పు, కారం, పసుపు పట్టించి మూతగల స్టీలు డబ్బాలో ఫ్రిజ్ కింది అరలో పెట్టండి, పచ్చిమాంసపు నీరు కూరగాయల మీద, పాల మీద పడకుండా. మసాలా పట్టవలెనని గట్టు మీద రాత్రంతా వదలకండి. పెరుగు పట్టించవచ్చునా అంటే, కోడిమాంసం పెరుగుతో విరుద్ధమని అష్టాంగహృదయం సూత్రస్థానం 7వ అధ్యాయంలో ఉన్నది. నేను నిమ్మరసం వాడమంటాను. అయితే పెరుగు వేసినవారంతా ఆస్పత్రి పాలైనారని నేననను. ఈ విషయంలో పట్టుదల నాకు లేదు. రాత్రి పొయ్యి మీద వదిలిన గంజు విషయంలోనే ఉన్నది.

మాంసాన్ని నల్లా కింద పెట్టి ధారాళంగా కడగడం మన ఇండ్లలో శుభ్రతగా చెలామణి అవుతున్నది. ఆ తుంపరలు తొట్టి చుట్టూ, పక్కనున్న కొత్తిమీర మీద, కడిగి బోర్లించిన కంచాల మీద పడతాయి. పచ్చికోడిలో సాల్మనెల్లా, కాంపైలోబ్యాక్టర్ అనే క్రిములుండడం సాధారణం. వాటిని చంపేది పొయ్యి, నీరు కాదు. కడగక మనసొప్పనివారు గిన్నెలో నీరు పోసి మెల్లగా కదిపి, ఆ నీటిని జాగ్రత్తగా పారబోసి, తొట్టిని, చేతులను సబ్బుతో కడగవలెను. మాంసం కోసిన పీట మీద ఉల్లిగడ్డ, నిమ్మకాయ కోయరాదు.

ముందురోజే వండక తప్పనివారు పూర్తిగా వండవలెను. సగం ఉడికించి ఉంచి ప్రొద్దున మిగతా సగం ఉడికిద్దామనుకోవడం అన్నింటికంటె చెడ్డ పద్ధతి. ఆ సగపు వేడి క్రిములను చంపదు, మేల్కొలుపుతుంది. తొడ ముక్కలో ఎముక పక్కన ఎరుపు కనబడరాదు. ముక్క లోపలి వేడి 74 డిగ్రీలకు చేరవలెనని శాస్త్రజ్ఞులు లెక్క చెబుతారు. దించిన వెంటనే కూరను గంజులో ఉంచక, రెండు అంగుళాల లోతుకు మించకుండా వెడల్పు పళ్లేలలోకి, తాంబాళాలలోకి పంచండి. ఆ పళ్లేలను చల్లటి నీటి తొట్టిలో నిలిపి, శుభ్రమైన గంటెతో కలుపుతూ ఉంటే అరగంటలో పొగలు ఆగుతాయి. రెండు గంటలు దాటకముందే మూతలు పెట్టి ఫ్రిజ్‌లోకి చేర్చండి. వేడి గంజును అలాగే ఫ్రిజ్‌లోకి తోసినా ఫలం లేదు. నడుమ చల్లారదు సరిగదా, పక్కనున్న పాలు వెచ్చబడతాయి. కరెంటు పోతే తలుపు తెరువకండి. మూసిన ఫ్రిజ్ సుమారు 4 గంటలు చల్లదనాన్ని నిలుపుకొంటుంది. ఇలా ఉంచిన కూరను 3 రోజుల వరకు తినవచ్చునని నేటివారి మాట. నేను మాత్రం మరునాటి మధ్యాహ్నానికి మించి ఒప్పుకోను. గర్భిణులు, పసిపిల్లలు, ముసలివారికి ఆ పూట వండినదే పెట్టమంటాను.

మరునాడు వడ్డించవలసినంత కూరనే వేరుగా తీసి, అడుగు నుండి కలుపుతూ, అంతటా కుతకుత ఉడికేవరకు మరగనివ్వండి. నూనె తేలితే వేడెక్కినట్లు కాదు. వాగ్భటుడు తిరిగి వేడిచేసినది వద్దన్నాడు గదా అంటే, ఒక్కసారికి మించి వద్దని నేను సమాధానపడినాను. గురువుగారు ఉంటే ఏమనేవారో తెలియదు. అయితే రాత్రంతా బయట ఉన్న కూరను ఎంత మరిగించినా బాగుపడునని ఎవరూ భ్రమపడకండి. వండేవారి చేతి పుండు నుండి, ముక్కు నుండి కూరలో పడే స్టాఫిలోకాకస్ క్రిమి ఒక విషాన్ని వదులుతుంది. క్రిమి మరిగితే చచ్చును, విషం మరిగినా చావదు. చేతికి గాయమున్నవారు ఆనాడు గంటె పట్టకపోవడం మంచిది. బగారా అన్నానికీ ఇదే సూత్రం. బియ్యంలోని బాసిల్లస్ సీరియస్ బీజాలు ఉడుకులో బ్రతికి, నిలవ అన్నంలో వేడికి లొంగని విషాన్ని చేయగలవు. కనుక అన్నం ఎప్పుడూ ఆ పూటనే.

చుట్టాలు ఆలస్యంగా వస్తే కూరను దించకుండా సన్నని సెగ మీద పొగలు వచ్చేలా ఉంచండి. దావత్ ముగిసిన తరువాత మిగిలినది డబ్బాలలో కట్టి పంపడం మన ప్రేమకు గుర్తు. కానీ ప్రొద్దున పది గంటలకు వండిన కూర సాయంత్రం అయిదింటికి డబ్బాలోకెక్కి, బస్సులో రెండు గంటలు ప్రయాణించి, రాత్రి మరొక ఇంటి కంచంలోకి చేరితే అది ప్రేమ పేరుతో పంపిన రోగమే. బదులుగా పచ్చడి కట్టి పంపండి.

ఇంత జాగ్రత్తపడినా ఎవరికైనా వాంతులు, విరేచనాలు పట్టుకొంటే, ఆపే మందుల కోసం పరుగెత్తక ముందు పోయిన నీటిని పూరించండి. కాచి చల్లార్చిన లీటరు నీటిలో 6 సమమైన చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి గుక్క గుక్కగా త్రాగించవలెను. అంగడిలో దొరికే ఓ.ఆర్.ఎస్. పొట్లమైతే మరీ మంచిది. ఉప్పు వేసిన గంజి, పేలాల జావ మన శాస్త్రం చెప్పినవే, వాటిని ఇవ్వవచ్చును. మలంలో రక్తం కనబడినా, తీవ్రమైన జ్వరం వచ్చినా, మూత్రం ఆగినా, మగతగా పడి ఉన్నా, త్రాగినది నిలువకపోయినా నా వద్దకు తీసుకొని రావద్దు. నేరుగా ఆస్పత్రికి పోవలెను. శొంఠి కషాయం ఆ వేళకు మందు కాదు.

ఆ ఇంటి కుమారుడు నిరుడు మళ్లీ వచ్చినాడు. ఈసారి ఆ తల్లి ముందురోజు మసాలా నూరి, ఉల్లిగడ్డలు వేయించి, ఉప్పు కారం పట్టించిన ముక్కలు ఫ్రిజ్‌లో పెట్టి పడుకొన్నది. నాటుకోడి ఉడకడానికి గంటకు పైగా పడుతుంది గనుక ఎప్పుడు పొయ్యి వెలిగించవలెనని నన్నే అడిగినది. నాకు కోడి సంగతి తెలియదు గాని దారి సంగతి తెలుసు. సిరిసిల్ల దాటినామని ఫోను రాగానే వెలిగించమన్నాను.